బండి బాగైతేనే తుడవాల

మా ఉస్తాదు చనిపోయి ఇది అయిదో రోజు. ఆయన పోయిన పొద్దున నేను కంపెనీ టెస్ట్ ట్రాక్ పక్కన నిలబడి టీ తాగుతుంటే మా నాయన ఫోన్ చేశాడు. ఎప్పుడు చేసినా "తిన్నావా" అని మొదలుపెట్టే మనిషి, ఆ రోజు అది అడగలేదు. "ఉస్తాదు పోయినాడమ్మా. తెల్లారి నమాజు చేసుకొని మళ్ల పండుకున్నాడంట. మీ అత్త టీ తీసుకపోయి లేపితే లేయలేదు" అన్నాడు. నా చేతిలో టీ చల్లారిపోయింది.

తర్వాత ఫోన్‌కు వరసగా సందేశాలు వచ్చాయి. ఆయన ఆత్మకు శాంతి కలగాలని అందరూ రాశారు. నేను ఆ మాట రాయను. శాంతంగా ఉండమంటేనే ఆయనకు ఒళ్లు మండేది. మా మేనేజరు పంపిన సందేశంలో అయితే విచారం ఒక వాక్యం, పని రెండు వాక్యాలు. స్థానిక సహాయకుడు మరణించినందుకు బాధగా ఉంది, ఆయన షెడ్డులో ఉన్న మన టెస్ట్ బండిని వెనక్కి తెండి, అక్కడి పని ముగించండి అని. స్థానిక సహాయకుడట. ఆ రెండు మాటలు చదివాక వచ్చిన కోపంతోనే ఇది రాస్తున్నాను. ఏడుస్తూ రాస్తే ఆయనకు నచ్చదు కూడా.

మార్కాపురంలో కంభం రోడ్డు మీద మా నాయనకు పలకలు, నోటుపుస్తకాలు అమ్మే దుకాణం ఉంది. దాని పక్కనే రేకుల షెడ్డు. ఆ షెడ్డులో మోటారు సైకిళ్లు బాగుచేసే ఆయనను ఊరంతా ఉస్తాదు అనేది. నేను మామా అనేదాన్ని. వయసులో ఉన్నప్పుడు ఆయన పలకల గనిలో రాయి చీల్చే పని చేశాడు. ఆ దుమ్మే ఊపిరితిత్తుల్లో కూర్చుంది. డాక్టరు గని మానుకోమంటే మానుకొని బండ్ల పనిలోకి వచ్చాడు. తర్వాత బండి నడపడం కూడా మానుకోమంటే మాత్రం వినలేదు. ఆ డాక్టరు దగ్గరికి కూడా బండి మీదే పోయేవాడు. "నడిచిపోతే ఆయాసం వస్తాంది గదా డాక్టరు సాబ్, అందుకే బండి మీద వచ్చినా" అని డాక్టరుకే చెప్పేవాడు.

ఆయన షెడ్డులో బిల్లు పుస్తకం ఉండేది కాదు. గోడ నిండా పలకలు వేలాడేవి. బడిపిల్లల పలకలే, చుట్టూ చెక్క చట్రం ఉన్నవి. బండి రాగానే దాని యజమాని ఏం చెప్పాడో ఆ మాటల్లోనే బలపంతో ఒక పలక మీద రాసి మేకుకు తగిలించేవాడు. "గుంతలో పడితే కీచుమంటాంది." "మా ఆయన తోల్తే బాగుంటాది, నేను తోల్తే ఆగిపోతాది." బాగుచేశాక యజమాని బండెక్కి ఊరు తిరిగొచ్చి సరే అంటేనే ఆ రాత తుడిచేవాడు. అంతకు ముందు తుడవడానికి లేదు. "బండి బాగైతేనే తుడవాల" అనేది ఆ షెడ్డులో ఉన్న ఒకే ఒక్క నియమం.

నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు తగిలించిన పలక ఒకటి ఇప్పటికీ ఉంది. "చలికాలం పొద్దున స్టార్టు కాదు. ఎందుకో తెలీలేదు" అని దాని మీద రాత. ఆ స్కూటరు యజమాని స్కూటరు అమ్ముకొని ఊరొదిలి ఎన్నేళ్లయిందో. ఇంజనీరింగ్ చదువుకొని సెలవులకు వచ్చిన రోజుల్లో ఒకసారి నవ్వాను. "బండే లేదు గదా మామా, ఇంకా ఎందుకు ఉంచినావు" అన్నాను. ఆయన నవ్వలేదు. "బండి పోయిందమ్మాయ్. నాకు తెలీనిది పోలేదు గదా" అన్నాడు.

నాకు మోటారు సైకిళ్ల కంపెనీలో, బండ్లను పరీక్షించే విభాగంలో ఉద్యోగం వచ్చింది. రెండేళ్లకు కంపెనీ ఒక కొత్త బండి మొదలుపెట్టింది. ఎడారుల్లో రోజుల తరబడి సాగే ర్యాలీ పందేల్లో పొడుగాటి బండ్లు ఉంటాయి. నడిపేవాడు సీటు మీద కూర్చోడు, నిలబడి తోలతాడు. ముందు చక్రం పెద్దది, ఒళ్లంతా సన్నం, రాళ్లు రప్పలు లెక్కచేయదు. ఆ పోలికతో మామూలు మనుషులు కొనుక్కునే బండి చేయాలని మావాళ్ల ఆలోచన. ఇసుకలో పరీక్షలయ్యాయి. రాతి దారులు ఎక్కడున్నాయని మీటింగులో అడిగితే నేనే చెయ్యి ఎత్తాను. మార్కాపురం గనుల వెనక దారి చూపిస్తానన్నాను. అక్కడ పలకరాయి ముక్కలు అంచుల మీద నిలబడి ఉంటాయి. టైర్లు కోసేస్తాయి. దొనకొండ వైపు గట్టి గరుసు నేలలున్నాయి, దోర్నాల దాటితే ఘాట్ రోడ్డు మలుపులున్నాయి. బండిని ఏడిపించడానికి అంతకన్నా మంచి చోటు లేదు.

అట్లా మూడు బండ్లు, ఆరుగురు మనుషులు ఉస్తాదు షెడ్డుకు దిగారు. మొదటి రోజు ఆయన బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, వెనక నిలబడి తల వంచి చూశాడు. "ముక్కు చూస్తే ఎడారికి పోయేటట్లుంది. తోక చూస్తే ఒక్కడే పోయేటట్లుంది" అన్నాడు. మావాళ్లు నవ్వారు. ర్యాలీలో ఒక్కడే పోతాడని చెప్పారు. "మరి సీటు ఇంత పొడుగు ఎందుకు పెట్టినారు?" అని అడిగాడు. కొనేవాళ్లు అడుగుతారు కాబట్టి పెట్టామన్నారు. ఆయన మేకు నుంచి ఒక కొత్త పలక తీసి "వెనక ఎవరు కూసుంటారు?" అని రాసి తగిలించాడు.

మా పరీక్షల పట్టికలో వెనక మనిషిని కూర్చోబెట్టి నడపడం కొద్దిగానే ఉంది, అది కూడా తారు రోడ్డు మీద. ఉస్తాదు దానికి ఒప్పుకోలేదు. గరుసు నేల మీద, గనుల దారిలో నడపాలన్నాడు. తోలేది ఆయన, వెనక కూర్చునేదానిని నేనే. నాకిరుపక్కల రెండు సంచుల నిండా పలకరాళ్లు. నిజం చెప్పొద్దూ, మొదటి రోజు కిందికి దిగితే కాళ్లు నావి కావనిపించింది. అత్త, అంటే ఆయన భార్య, వేడినీళ్లు పెట్టి ఇచ్చి ఆయనను తిట్టింది. "ఆడపిల్లను మూటను ఏసుకున్నట్ల ఏసుకపోతాండావు, కాస్తన్నా సిగ్గుండాల" అంది. ఆయన తాపీగా "సంసారం ఉన్నోడు బండి కొంటే నువ్వు వెనక కూసోవా?" అన్నాడు.

రోజూ సాయంత్రం బండి ఆగాక ఆయన చేసే పని ఒకటుంది. సీటు తీసి, సీటును మోసే వెనక ఫ్రేమును చిన్న స్పానరుతో అక్కడక్కడ తట్టి చెవి పెట్టి వినేవాడు. గనిలో పలకరాయిని అట్లాగే తట్టి చూస్తారు. లోపల బాగుంటే ఖంగుమంటుంది, చీలి ఉంటే మొద్దుగా శబ్దం వస్తుంది. ఆ చీలిక కంటికి కనబడనక్కరలేదు. మా కుర్ర ఇంజనీర్లు దానిని ఫోన్లలో వీడియోలు తీసి ఒకరికొకరు పంపుకొని నవ్వుకునేవాళ్లు. ఆయన చూసీ చూడనట్టు ఉండేవాడు.

రెండో నెలలో ఒక సాయంత్రం తట్టి, ఆగి, మళ్లీ తట్టాడు. "మొన్నటి శబ్దం కాదిది" అన్నాడు. మా దగ్గర చీలికలు పట్టడానికి ఎర్ర ద్రవం ఉంటుంది. పూసి, తుడిచి, పైన తెల్లపొడి చల్లితే చీలిక ఉన్నచోట ఎర్రగీత పైకి వస్తుంది. అది చేశాం. గీత రాలేదు. చీలిక లేదని అందరూ తేల్చేశారు. ఆయన మాత్రం పలక మీద "తోక శబ్దం మారింది. ఇద్దరికి పనికి రాదు" అని రాసి, వచ్చేవాళ్లకు ఎదురుగా ద్వారం పక్కన తగిలించాడు.

మరుసటి రోజు హెడ్ ఆఫీసు నుంచి పెద్దాయన రావలసి ఉంది. ఈ బండి బాధ్యత మొత్తం ఆయనదే. ఆయన చూసి సరేనంటే బండి ఫ్యాక్టరీకి పోతుంది. ఆ సాయంత్రమే మా మేనేజరు నాకు ఫోన్ చేశాడు. గోడ మీద అదేదో రాసి పెట్టారట, రుజువు లేని మాట, పెద్దాయన కంట పడితే అనవసరంగా తేదీలు వెనక్కి పోతాయి, తీసెయ్యమన్నాడు. నాకు ఉద్యోగం కొత్త. ఎర్రగీత రాలేదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఉస్తాదు నమాజుకు పోయిన సమయం చూసి, తడిబట్టతో ఆ పలక తుడిచాను.

ఈ మాట ఇన్నాళ్లు మా నాయనకు కూడా చెప్పలేదు. ఆయన పోయాక ఆయన మంచితనం మాత్రమే రాసి, నా చేతిలోని తడిబట్ట దాచుకుంటే అది స్మృతి కాదు.

పొద్దున ఆయన ద్వారం దగ్గర ఆగాడు. ఖాళీ పలకను చూశాడు, నన్ను చూశాడు.

"ఎవరు తుడిచింది?"

"నేనే మామా."

"బండి బాగైందా?"

"లేదు మామా."

"మరి?"

ఆయన అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది, నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. బలపం తీసుకొని అవే మాటలు, అంతే పెద్ద అక్షరాలతో మళ్లీ రాశాడు. ఆ బలపం గీసుకుంటున్న శబ్దం నాకు ఇప్పటికీ వినబడుతుంది. "పరీక్ష కాగితం మీద నీ సంతకం గూడా ఉంటాదంట గదా" అన్నాడు, నా వైపు తిరగకుండానే. "చూసుకొని పెట్టమ్మాయ్. బండి కొన్నోళ్లు నిన్ను చూసి కొనరు. కానీ నీ మాట మీదనే కూసుంటారు."

పెద్దాయన మా మేనేజరును వెంటబెట్టుకొని వచ్చారు. మర్యాదస్తుడే, ఆ మాట కాదనను. పలక మీద ఏముందో నన్నే చదివి చెప్పమన్నారు. చదివి చెప్పాను. ఆయన ఉస్తాదు భుజం మీద చెయ్యి వేసి, ఇది పందెం బండి లాంటిదనీ, బరువు పెరిగితే ఆ తేలికదనం పోతుందనీ ఓపికగా వివరించారు. ఉస్తాదు ఆ చెయ్యి తీసేయలేదు, తలా ఊపలేదు. చివరిదాకా విన్నాడు.

"సీటు ఇద్దరికిచ్చి, ఫ్రేము ఒక్కడికిచ్చినారు సార్" అన్నాడు. "అట్లయితే సీటన్నా కోసేయండి, లేదంటే ఫ్రేమన్నా మందం చేయండి. రెండూ చేయకపోతే నేను ఈ పలక తుడవను, మీ కాగితం మీద సంతకం గూడా పెట్టను."

రుజువు ఏదని పెద్దాయన అడిగారు.

"వెనక ఎక్కండి, చూపిస్తా."

మా మేనేజరు మొహం ఎట్లా ఉందో చూడడానికి నాకు ధైర్యం చాలలేదు. ఎవరూ కదలకముందే నేను హెల్మెట్ పెట్టుకున్నాను. "సార్ వద్దులే మామా. నేనెక్కుతా" అన్నాను. ఉస్తాదు నా వైపు చూశాడు. పలక మళ్లీ రాశాక నన్ను సూటిగా చూడడం అదే మొదలు. "ఎక్కు" అన్నాడు.

గనుల దారిలో పోయి వస్తుంటే పెద్దాయన జీపు మా వెనకే వచ్చింది. మొదటి చుట్టులో ఏం కాలేదు. రెండో చుట్టులో కూడా ఏం కాలేదు. జీపులోంచి ఎవరో నవ్వడం వినిపించింది. ఉస్తాదు దగ్గుతున్నాడు, దుమ్ము. ఆగుదామా మామా అంటే తల అడ్డంగా ఊపాడు. మూడో చుట్టు సగంలో, ఏ గుంతా లేనిచోట ఆయన బండి ఆపేశాడు. నాకు ఏ తేడా తెలియలేదు. ఆయనకు కాళ్ల కింద తెలిసింది కాబోలు. "దిగమ్మాయ్. ఇంగ ఎక్కొద్దు" అన్నాడు. సీటు తీసి తట్టాడు. ఈసారి ఆ మొద్దు శబ్దం నాకు కూడా వినబడింది.

"ఇప్పుడు పూయండి సార్ మీ ఎర్రనీళ్లు" అన్నాడు.

పూశాం. తుడిచాం. తెల్లపొడి చల్లాం. అందరం వంగి చూస్తున్నాం. వెల్డింగ్ అంచున సన్నటి ఎర్రగీత మెల్లగా పైకి తేలి, వేలెడంత పొడుగున ఆగింది. పెద్దాయన దాన్ని దగ్గరగా చూసి, టోపీ తీసి, జీపెక్కారు. ఆ సాయంత్రం పరీక్ష కాగితం మీద నేను "పనికి రాదు" అని రాసి సంతకం పెట్టాను. ఉద్యోగం పోతుందనుకున్నాను. పోలేదు. పోయినా ఆ సంతకం వెనక్కి తీసుకునేదాన్ని కాదు.

మూడు నెలల తర్వాత బండి తిరిగొచ్చింది. సీటు కింద రెండు పక్కల కొత్త ప్లేటు, మందపాటి గొట్టాలు. మళ్లీ అదే దారి, అవే పలకరాళ్ల సంచులు, వెనక నేనే. నెల తిరిగినా శబ్దం మారలేదు. ఆ రోజు ఉస్తాదు మేకు నుంచి పలక తీసి నా చేతికిచ్చాడు, తడిబట్ట కూడా ఇచ్చాడు. "నువ్వే తుడువు. ఇప్పుడు తుడువు" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. ఆయన పట్టించుకోకుండా, మూలలో ఒక అక్షరం మిగిలిపోయిందని చూపించి అది కూడా తుడిపించాడు.

బండి విడుదల రోజున పెద్ద తెర మీద ఎడారి చూపించారు, విదేశీ రైడరును చూపించారు. మార్కాపురం పేరు రాలేదు, ఉస్తాదు పేరు అసలే రాలేదు. నేను ఫోన్ చేసి కంపెనీని ఇష్టమొచ్చినట్టు తిట్టాను. అంతా విని, "ప్లేటు ఉందా లేదా?" అని అడిగాడు. ఉందన్నాను. "ఇంగేం" అన్నాడు. నాకు మాత్రం ఇప్పటికీ "ఇంగేం" అనిపించదు. అందుకే చెబుతున్నాను: ఆ బండి తోకను మా మార్కాపురం మెకానిక్కు నిలబెట్టాడు. ఎవరికైనా అభ్యంతరముంటే వచ్చి నాతో మాట్లాడండి.

ఒకసారి మేమిద్దరం దోర్నాలలో టీ తాగుతుంటే గిద్దలూరు నుంచి శ్రీశైలం పోతున్న జంట ఒకటి ఆ బండి మీద వచ్చి ఆగింది. కొత్తగా పెళ్లయినవాళ్లు, వెనక రెండు పెద్ద బ్యాగులు. ఉస్తాదు గ్లాసు కింద పెట్టి పోయి, సీటు కింద చెయ్యి పెట్టి తడిమాడు. ఆ అబ్బాయి ఉలిక్కిపడ్డాడు. "ఏంది తాతా, ఏం చేస్తాండావు?" అన్నాడు. "ఏం లేదు నాయనా. పోయి రాండి" అని వచ్చి మళ్లీ గ్లాసు అందుకున్నాడు. ఆ రోజంతా హుషారుగా ఉన్నాడు.

కంపెనీ ఒక బండిని ఎక్కువ కాలం నడిపి చూడమని ఆయన షెడ్డులోనే వదిలింది. ఊపిరి అందని రోజుల్లో కూడా ఆయన దాని మీదే కంభం దాకా పోయొచ్చేవాడు. వద్దని అత్త తిట్టేది, నేను ఫోన్‌లో తిట్టేదాన్ని. "పండుకుంటే గూడా దగ్గొస్తాది. బండి మీద ఉంటే దగ్గు నాకు ఇనపడదు" అనేవాడు. అట్లా తిరుగుతూనే ఇంకో లోపం పట్టాడు. మూడో గేరులో వేగం అందుకునేటప్పుడు అద్దం వణుకుతుంది. నేను ఆఫీసుకు మూడుసార్లు రాశాను. మూడుసార్లూ పరిమితిలోనే ఉందని జవాబు వచ్చింది. ఆ మాట చెబితే ఉస్తాదు మండిపడ్డాడు. "అద్దం పెట్టింది మొగం చూసుకోనీకి కాదు గదా. వెనక ఒక లారీ వస్తే మూడు లారీలు కనపడతాండాయి. ఏ లారీకి తప్పుకోవాల? అది గూడా వాళ్లనే రాయమను." అది జరిగి నెల కూడా కాలేదు.

కబురు విని నేను మార్కాపురం చేరేసరికి మట్టి ఇచ్చి వచ్చేశారు. షెడ్డు ముందు బెంచీలు వేసి ఉన్నాయి. దగ్గరి చుట్టం ఒకాయన ఒక చేతిలో పలక, ఇంకో చేతిలో తడిబట్ట పట్టుకొని నిలబడి ఉన్నాడు. షాపు మూసినట్టు రాసి బయట పెట్టాలని ఆయన ఉద్దేశం. పలక మీద ఉస్తాదు చేతిరాత. "మూడో గేరులో అద్దం వణుకుతాంది. వెనక రోడ్డు కనపడదు."

నేను పరిగెత్తి ఆ చెయ్యి పట్టుకున్నాను. మనిషి పోయిన ఇంట్లో గట్టిగా మాట్లాడకూడదని తెలుసు. అయినా గట్టిగానే అన్నాను. "తుడవద్దన్నా. బండి ఇంకా బాగు కాలేదు."

ఆయన నాకు మతి పోయిందనుకున్నాడు. మా నాయన ఒక్కడికే అర్థమైంది. దుకాణంలోకి పోయి రెండు కొత్త పలకలు తెచ్చాడు. ఒకటి ఆయనకు ఇచ్చాడు, "దీని మీద రాసుకో సామీ" అని. రెండోది నాకు ఇచ్చాడు.

అత్త లోపలి గదిలో ఉంది. భర్త పోయినందుకు వాళ్ల ఆచారం ప్రకారం నాలుగు నెలలు గడప దాటదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకొని చాలాసేపు నా చెయ్యి వదల్లేదు. మూడో రోజు ఫాతెహా ప్రార్థన అయ్యాక తనే అంది. "ఆ పలక నువ్వు తీసుకపో బేటీ. ఈడుంటే ఎవరో ఒకరు తుడుస్తారు. నీ మింద ఆయనకు నమ్మకం." నేను తల ఎత్తలేకపోయాను. ఆమె నా గడ్డం పట్టుకొని ఎత్తింది. "అదీ తెలుసు నాకు. ఆ పొద్దున్నే చెప్పినాడు. ఒక్కసారి తుడిచింది గాబట్టి ఇంగ ఎప్పుడూ తుడవదులే అన్నాడు."

ఇది గిద్దలూరులో, రోడ్డు పక్క హోటల్ బల్ల మీద కూర్చొని రాస్తున్నాను. కంపెనీ బండిని కంపెనీకి తీసుకుపోతున్నాను, మేనేజరు ఆజ్ఞ ప్రకారమే. ఆయన కోరనిది కూడా ఒకటి వస్తోంది. ఉస్తాదు పలక మీద మా నాయన ఇచ్చిన కొత్త పలకను ఎదురెదురుగా బోర్లించి కట్టాను. చిన్నప్పుడు ఇంటిపని చెరిగిపోకుండా బడికి అట్లాగే తీసుకుపోయేవాళ్లం. చెక్క చట్రాలు ఒకదానికొకటి ఆనుకొని ఉంటాయి, మధ్యలో అక్షరాలకు ఏమీ తగలదు. రేపు దాన్ని మీటింగు గదిలో, పెద్దాయన కూర్చునే కుర్చీకి ఎదురుగా తగిలిస్తాను. తీయమంటే ఏం చెప్పాలో నాకు ఉస్తాదే నేర్పాడు.

పొద్దున మార్కాపురం దాటాక మూడో గేరులో వేగం అందుకున్నాను. అద్దం వణికింది. వెనక సీటు మీద తాళ్లతో కట్టిన పలకలు అందులో మూడుగా కనబడ్డాయి. వాటి వెనక రోడ్డు లేదు. నేను గేరు మార్చలేదు. చూస్తూ కంభం దాకా అట్లాగే వచ్చాను.